పాళెం బయటికి వచ్చిన అయ్యగారు

మా పాస్టరు అయ్యగారు పోయారన్న కబురు మా ఇంటికి తెచ్చింది, ఆయన్ని మా సంఘంలోంచి పంపించేసిన సంఘ పెద్దే. ఇంకెవరైనా తెచ్చి ఉంటే ముందు ఏడ్చేదాన్నేమో. ఆ మనిషిని చూడగానే ఒళ్ళు మండి, వచ్చే ఏడుపు కాస్తా ఎక్కడో ఆగిపోయింది.

సాయంత్రం బడిలో పాఠాలు చెప్పి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. ఆయన తువ్వాలు చేతుల్లో నలుపుతూ వాకిట్లో నిలబడ్డాడు. మా అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఆయన మా ఇంటి దాకా రావడం అదే మొదలు. అప్పుడు కూడా అరుగు ఎక్కలేదు.

"అయ్యగారు ప్రభువులో నిద్రించినారమ్మా. పాతపట్నం నుంచి తంతి వచ్చినాది. రేపు మద్దేన్నం మట్టి సేస్తారంట. మీ యమ్మకి నువ్వే సెప్పు, నాకు నోరు రాదు," అన్నాడు.

"అవసరమైనప్పుడు బాగానే వచ్చినాది కదా మావా," అన్నాను.

తల దించుకుని వెళ్ళిపోయాడు. నాకు జాలి కలగలేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడు కూడా కలగడం లేదు. పోయినవారి గురించి రాసేటప్పుడు మనసు నెమ్మదిగా పెట్టుకోవాలంటారు. నాకు చేతకావడం లేదు. చదివేవారు సర్దుకోవాలి.

మా పేట చీపురుపల్లి స్టేషనుకి అవతల, పట్టాలు దాటాక ఉంటుంది. పెంకుల కప్పున్న ప్రార్థన మందిరం ఒకటి, దాని పక్కన పాస్టరుగారికి రెండు గదుల ఇల్లు. అయ్యగారు ఆ ఇంట్లోకి వచ్చేనాటికి నేను లంగా ఓణీల్లోకి కొత్తగా వచ్చాను. మనిషి పొట్టి, నలుపు, నెత్తి మీద వెంట్రుకలు పక్షి గూడులా ఉండేవి. పొద్దున్నే గిన్నెడు సోడంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుంటూ సైకిలెక్కితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పొద్దుగూకేవేళకి వచ్చేవారు. ప్రార్థనలో ఆయన భాష పుస్తకంలో ఉన్నట్టే ఉండేది. కోపం వస్తే మాత్రం మా పేట భాషే. కోపం తరచుగా వచ్చేది.

ఆయన కోపం సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే దాన్ని ఇప్పుడు అందరూ తుడిచేస్తున్నారు. ఆయన అరిచేవారు. పాటలో శ్రుతి తప్పితే అరిచేవారు, చందా గురించి గొణిగితే అరిచేవారు, ఒక్కోసారి ఏ తప్పూ లేనివాళ్ళ మీద కూడా అరిచేవారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళ గుమ్మం ముందు సైకిలు ఆగేది. "నిన్న నాను అరిసింది తప్పు. సెప్పింది తప్పు గాదు," అనేసి, జవాబు కోసం చూడకుండా తొక్కుకుంటూ పోయేవారు. చెప్పింది కూడా తప్పయితే ఆ రెండో ముక్క ఉండేది కాదు. అంత తూకంగా క్షమాపణ అడిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

బుధవారం సాయంత్రాలు బైబిలు పాఠం చెప్పేవారు. మాకు మింగుడుపడని వాక్యాలన్నీ ఆ రోజు అడగాలి. ఆయన జవాబు ఎప్పుడూ ప్రశ్నతోనే మొదలయ్యేది. ఈ మాట ఎవరన్నారు? ఎవరితో అన్నారు? దానికి ముందు ఏటి జరిగినాది? ఈ మూడూ తెలియకుండా ఎవరైనా ఒక్క వాక్యం పట్టుకొస్తే చేతిలోని పుస్తకం మూసేసేవారు. "బండి సక్రం ఊడదీసి భుజం మీద మోసుకొచ్చినావు. బరువే గాని అది నిన్నెక్కడికీ తీసుకెల్దు. ఎల్లి బండి తే. పైనించి సదువు," అనేవారు.

ఒకసారి మా పేట కుర్రాడొకడు, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాడు, తల్లికి అన్నం పెట్టడం మానేశాడు. ఆవిడ ఇంకా గ్రామదేవతకి మొక్కుతోందని వాడి కోపం. అడిగితే, తల్లిదండ్రుల్ని ద్వేషించనివాడు నా శిష్యుడు కాలేడని యేసుప్రభువే అన్నాడని చూపించాడు. మాట ఉన్న సంగతి నిజమే. ఆ ముసలిది పక్కింట్లో గంజి అడుక్కుంటోంది.

అయ్యగారు వాణ్ణి బుధవారం ముందు వరసలో కూర్చోబెట్టారు.

"ఆ మాటన్నాయన సిలువ మీద ఊపిరి పోతన్నప్పుడు ఎవుల్ని సూసినాడురా?"

వాడు నసిగాడు. "తల్లిని."

"సూసి ఏటన్నాడు?"

"శిష్యుడికి అప్పజెప్పినాడు."

"మేకులు దిగబడ్డ సేతుల్తో తల్లికి దిక్కు సూపించినోడు, రెండు సేతులూ బాగున్న నిన్ను తల్లిని వొదిలీమంటాడేట్రా? ఆయన ఎనకాల గుంపులు గుంపులుగా జనం తిరుగుతన్నారు. ఇదేదో తిరునాల అనుకుంటన్నారు. ఆలని నిలబెట్టి, నా ఎనకాల వస్తే అన్నిటికన్నా నానే ముందుండాల, బాగా ఆలోసించుకుని రండి అని సెప్పినాడు. పెద్ద పేమ ముందు సిన్న పేమ ఎంతలా కనబడతాదో సెప్పినాడు గాని కూడు మానీమన్లేదు. తల్లికి పెట్టాల్సింది దేవుడికిచ్చీసినానని తప్పించుకున్నోలని అదే ప్రభువు ఎలా తిట్టినాడో తెలుసా? నీలాంటోలనే." 

ఆ రాత్రి వాడి ఇంట్లో రెండు కంచాలు పడ్డాయి. ఆయన దృష్టిలో వాక్యం అర్థమయ్యిందంటే అదీ గుర్తు. ఎవరి కంచంలోనో ఏదో మారాలి.

ఇప్పుడు మా అమ్మ సంగతి. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. అమ్మ కూలీనాలీ చేసి నన్ను విజయనగరంలో టీచరు ట్రైనింగు దాకా చదివించింది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళన్నింటా బందులు జరిగిన ఏడాది, సెలవులకి ఇంటికొచ్చిన నేను అమ్మ చెయ్యి చూశాను. పొయ్యి మీది మూకుడు ఉత్త చేత్తో దించింది. చర్మం కాలి బొబ్బ లేస్తోంది. ఆవిడకి తెలియలేదు. మోచేతి మీద పాలిపోయిన మచ్చ ఉంది, అక్కడ గిల్లినా తెలియలేదు.

పెద్దరోగం అని పేటంతా ఒక్క పూటలో తెలిసిపోయింది. నూతి దగ్గర మా బిందె పక్కకి నెట్టేశారు. మందిరంలో నా చిన్నప్పటి నుంచి ఎరిగిన ఒకావిడ ఇంటికొచ్చి, దూరంగా నిలబడి, చెడు విత్తినవాళ్ళు దాన్నే కోస్తారని బైబిల్లో రాసి ఉందని చెప్పి వెళ్ళింది. పరామర్శ అన్నమాట! అమ్మ ఆ మాటతో నీళ్ళు కూడా ముట్టలేదు.

అయ్యగారు విని, ఆవిణ్ణి మా వాకిట్లోకే పిలిపించారు.

"ఆ మాట యోబు గ్రంథంలోది. అన్నది యోబు నేస్తగాడు. బిడ్డలు సచ్చి, ఒల్లంతా పుండ్లయి బూడిదలో కూకున్నోడి ముందు కూకుని అన్న మాట. ఆకర్న దేవుడు ఆ నేస్తగాల్లకి ఏటి సెప్పినాడో సదివినావా?"

"లేదయ్యా."

"మీరు నా గురించి సరిగ్గా మాటాడలేదు, నాకు కోపం వచ్చినాదన్నాడు. దేవుడు కాదన్న మాటని దేవుడి మాటని సెప్పి ఈ తల్లికి తెచ్చిపెడతావా? పుస్తకంలో ఉన్న పెతి మాటా దేవుడన్న మాట గాదు. సాతానుగాడి మాటలూ అందులో ఉన్నాయి. ఎవులన్నారో సూసుకో!"

అమ్మని ఆయనే వెంటబెట్టుకుని కొండల వైపున్న కుష్ఠు ఆసుపత్రిలో చేర్చారు. చాలా కాలం ఉంది అక్కడ. తెల్లటి బిళ్ళలు మింగింది, బిగిసిన చేతికి వేడి మైనం పట్టించుకుంది. చివరికి డాక్టరమ్మ, "ఇంక ఈమెలో రోగం లేదు, ఎవరికీ అంటదు," అని చెప్పి పంపింది. కుడి చేతి వేళ్ళు మాత్రం రెండు ముడుచుకుపోయాయి. అవి మళ్ళీ చాపుకోలేదు.

వచ్చిన మొదటి ఆదివారం ప్రభు సంస్కారపు ఆదివారం, అందరూ ఒకే రొట్టె, ఒకే గిన్నెలో ద్రాక్షరసం పంచుకునే రోజు. అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ రోజు గురించే కలలు కన్నదట. నేను పక్కనే ఉన్నాను. మందిరం గుమ్మంలో సంఘ పెద్ద అడ్డంగా నిలబడ్డాడు. నా చిన్నతనంలో నన్ను భుజాన ఎక్కించుకున్న మనిషి.

"రూతమ్మా, నువ్వు బయట కూకో. కోపం తెచ్చుకోకు. ఇది మావు సెప్పింది గాదు, వాక్యం సెప్పింది. కుష్ఠురోగి పాళెం బయట ఉండాలని లేవీకాండంలో ఉన్నాది. మనందరికీ ఒకటే గిన్నె కదా."

అమ్మ వెనక్కి తిరిగి గోడ పక్కన ఇసకలో కూర్చుంది. తెల్లచీర. నాకు ఇప్పటికీ ఆ ఇసక కళ్ళలో పడ్డట్టే ఉంటుంది. లోపల పాట నడుస్తూనే ఉంది. నన్నూ మా అమ్మనూ ఎరిగిన వాళ్ళంతా పాడుతూనే ఉన్నారు.

పాట మధ్యలో ఆగింది. అయ్యగారు వేదిక దిగి గుమ్మం దగ్గరికొచ్చారు.

"ఎక్కడ సదివినావు?" అన్నారు పెద్దతో.

"లేవీకాండం పదమూడు, అయ్యగారూ."

"పద్నాలుగు సదివినావా?"

పెద్ద చంకలోని బైబిలు సర్దుకున్నాడు.

"ఒక్క కాగితం తిప్పడానికి సెయ్యి రాలేదా?" అని నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వు సదువు. గట్టిగా సదువు," అన్నారు.

చదివాను. రోగం తగ్గినవాణ్ణి చూడడానికి యాజకుడే, అంటే వాళ్ళ పూజారే, గుడారాలున్న ఆ పాళెం బయటికి వెళ్ళాలని ఉంది. వెళ్ళి చూసి, బాగుపడ్డాడని తేలితే ఎలా శుద్ధి చెయ్యాలో, ఎలా లోపలికి తీసుకురావాలో ఉంది. బీదవాడైతే అంత అర్పణ తేలేడు గనక తక్కువ తెచ్చినా చాలని కూడా ఉంది. ఆ పాతకాలం వాళ్ళకి డాక్టరు లేడు, మందు లేదు. రోగం నలుగురికీ పాకకుండా ఆ రోజుల్లో అంతకంటే దారి లేదు. అలాంటి రోజుల్లోనే, అంత భయంలోనే, తిరిగి రావడానికి ఒక అధ్యాయం నిండా దారి రాసిపెట్టారు.

"పదమూడు తలుపు మూసినాది. పద్నాలుగు తీసినాది. మీరు మూసిన తలుపు కాడే సదువు ఆపీసినారు," అన్నారు అయ్యగారు. "డాక్టరమ్మ సూసి పంపినాది. ఇంకేటి కావాల? నాను మీ యాజకుణ్ణయితే నా సోటెక్కడో అందులోనే రాసున్నాది."

వేదిక దగ్గరికి వెళ్ళి రొట్టె పళ్ళెం, గిన్నె పట్టుకుని బయటికొచ్చేశారు. అమ్మ ఎదురుగా ఇసకలో బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. ముందు అమ్మకిచ్చారు. అమ్మ రెండు చేతులతో గిన్నె పట్టుకుని తాగింది. ఆ గిన్నెలోనే తర్వాత ఆయన తాగారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, లేచి వచ్చారు. తల్లికి కూడు మానేసిన ఆ కుర్రాడు వచ్చాడు. ఇంకా కొందరొచ్చారు. ఎక్కువమంది లోపలే ఉండిపోయారు. వాళ్ళ మొహాలు నాకు ఒక్కొక్కటీ గుర్తే.

తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తాను. పెద్దలు పై కమిటీకి ఫిర్యాదు చేశారు. పవిత్ర సంస్కారాన్ని వీధిలోకి తెచ్చి అవమానించాడని, సంఘ పెద్దల్ని నలుగురిలో తిట్టాడని. క్షమాపణ అడిగితే వదిలేస్తామన్నారు. "తిట్టినందుకు అడుగుతాను. దాని కోసం ఇప్పుడే అడుగుతన్నాను. బయటికొచ్చినందుకు అడగాలంటే ముందు ఆ పద్నాలుగో అధ్యాయం సింపీండి," అన్నారట. పాతపట్నం అవతల, ఒరిస్సా సరిహద్దు పక్కన ఒక తాటాకుల మందిరానికి పంపేశారు. వెళ్ళేరోజు స్టేషనులో నేను అడిగాను, "కోపం పాపం కాదా అయ్యగారూ? నాకు వీళ్ళందర్నీ కొట్టాలని ఉంది," అని.

"కోపపడమనే ఉన్నాది, పాపం సెయ్యొద్దని ఉన్నాది. మనోలు రెండో ముక్కే సదువుతారు. నువ్వు రెండూ సదువు," అన్నారు. రైలు కదిలాక కిటికీలోంచి మళ్ళీ తల బయటపెట్టి, "మూడో ముక్క కూడా ఉన్నాది, సూసుకో!" అని అరిచారు. చూసుకున్నాను. పొద్దుగూకే లోపల కోపం విడిచిపెట్టమని ఉంది. చాలా పొద్దులు గూకాయి.

అమ్మ మాత్రం ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం వెళ్ళి అదే గోడ పక్కన కూర్చునేది. కొత్త పాస్టరుగారు కుర్రవాడు, మంచివాడే, పెద్దలంటే భయం. "ఎందుకే అమ్మా ఆ ఇసకలో? ఇంట్లో ప్రార్థన చేసుకో," అని నేను పోట్లాడేదాన్ని.

"నానెల్లకపోతే ఆలకి సులువైపోతాదే," అనేది అమ్మ. "నన్ను సూస్తా పాడమను."

కబురు విన్న మర్నాడు తెల్లవారే అమ్మా నేనూ రైలెక్కి, నౌపడలో దిగి, చిన్న రైలు పట్టుకుని పాతపట్నం చేరాం. అదే రైల్లో సంఘ పెద్దా, మరి కొందరూ వచ్చారు. అమ్మ ఉన్న పెట్టెలోకి వాళ్ళెక్కలేదు.

అయ్యగారికి కొన్నాళ్ళుగా గుండె నొప్పి ఉందట. సైకిలు మానమంటే మానలేదట. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి ఉంచారు. పక్షి గూడు లాంటి ఆ జుట్టుని ఎవరో నూనె రాసి అణిచి దువ్వారు. అది చూశాక ఏడ్చాను.

మట్టికి ముందు నలుగురూ మాట్లాడారు. అక్కడివాళ్ళు ఒడియా కలిసిన తెలుగులో, ఆయన తమ పిల్లలకి చదువు చెప్పడం గురించి, జ్వరాలకి ఆసుపత్రికి మోసుకెళ్ళడం గురించి చెప్పారు. తర్వాత పాత సంఘం తరఫున అని మా పెద్ద లేచాడు.

"మన అయ్యగారు శాంతమూర్తి. ఏనాడూ ఎవర్నీ పరుషంగా ఒక మాటనలేదు. పెద్దల మాట జవదాటలేదు. ప్రభువు ఎక్కడికి పంపితే అక్కడికి సంతోషంగా వెళ్ళినారు..."

లేచి నిలబడ్డాను. ఆలోచించి లేవలేదు.

"అబద్ధం," అన్నాను. "ఆయన శాంతమూర్తి గాదు. ఆయన మీ మీద అరిసినారు. ఎందుకరిసినారో సెప్పండి. ప్రభువు పంపలేదు, మీరు పంపినారు. ఆయన బతికున్నప్పుడు వాక్యంలో సగం కోసీసినారు. ఇప్పుడు మనిషిలో సగం కోసీకండి."

వెనక నుంచి ఎవరో, "సంఘంలో ఆడోలు మౌనంగా ఉండాలి. పౌలుగారే సెప్పినారు," అన్నారు.

"పైనించి సదవండి," అన్నాను. "మూడు అధ్యాయాల ముందు అదే పౌలుగారు, ఆడది సంఘంలో ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు ఎలా ఉండాలో సెప్పినారు. నోరు తెరవకుండా ప్రవచిస్తాదా? అందరూ ఒక్కసారే అరుస్తూ గందరగోళం సేస్తన్న సంఘానికి రాసిన మాట అది. ఆ పేజీలోనే మగోలని కూడా నోరు ముయ్యమన్న సోట్లున్నాయి. అది ఒక్కరికీ గుర్తుండదు."

పెద్ద నిలబడే ఉన్నాడు. "నానే పంపినాను," అన్నాడు మెల్లగా. "కమిటీకి నానే సెప్పినాను. మా ఇంట్లో పిల్లలున్నారు. బయమేసినాది." అంత మాత్రమే అని కూర్చున్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకి అయ్యగారు చావాల్సి వచ్చింది. క్షమించానా అని నన్నడగకండి.

మట్టి అయ్యాక అందరూ అయ్యగారి ఇంటి ముందుకొచ్చారు. చావింట్లో పొయ్యి వెలగదు గనక ఇరుగుపొరుగువాళ్ళు అన్నం, చారు వండి తెచ్చారు. అమ్మగారు ముందురోజు పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదట. గోడకి ఆనుకుని, ఎవరు బతిమాలినా తల అడ్డంగా ఊపుతూ కూర్చున్నారు.

మా అమ్మ కంచంలో అన్నం పెట్టించుకుని వెళ్ళి ఆవిడ ముందు కూర్చుంది. చారు పోసి, తన కుడి చేత్తో కలపసాగింది. ముడుచుకున్న ఆ రెండు వేళ్ళూ అన్నంలో దిగి, మెతుకుల్ని పక్కకి తోస్తున్నాయి. ముద్ద సరిగ్గా కుదరలేదు. మళ్ళీ కలిపింది. చీపురుపల్లి నుంచి వచ్చినవాళ్ళందరి కళ్ళూ ఆ చేతి మీదే ఉన్నాయి.

"తల్లీ, నోరు తెరు," అంది అమ్మ.

అమ్మగారు కళ్ళెత్తి చూశారు. నోరు తెరిచారు. అమ్మ ముద్ద పెట్టింది. పెదవి పక్కన అంటుకున్న మెతుకుని ముడుచుకున్న వేలి వెనక భాగంతో తుడిచి, రెండో ముద్ద కలపడం మొదలుపెట్టింది.